పంటి బిగువు

రెండు చూపుడు వేళ్లను చెవి రంధ్రాలకు కాస్త ముందు ఆనించి మెల్లగా నోరు తెరవండి. వేళ్ల కింద ఒక ఎముక గుండు కదులుతుంది. మొదట అది ఉన్నచోటే తిరుగుతుంది. నోరు ఇంకా తెరిస్తే ముందుకు జారిపోతుంది, వేళ్ల కింద చిన్న గుంట మిగులుతుంది. ఆ గుండు కింది దవడ కొస. అది ఆడే చోటు దవడ కీలు. వైద్యులు దాన్ని టీఎంజే అంటారు. తిరగడం, జారడం రెండూ చేయగలగడం దీని ప్రత్యేకత. కుడి ఎడమ కీళ్లు ఒకే ఎముకకు రెండు చివర్లు కాబట్టి, ఒకటి మొరాయిస్తే రెండోదానికీ ఇబ్బందే.

మా పిన్ని బడిలో లెక్కలు చెబుతుంది. ఆమె కథ చెవిపోటుతో మొదలైంది. చెవి డాక్టరు పరీక్ష చేసి చెవిలో ఏ దోషమూ లేదన్నారు. తరువాత అనుమానం వెనక దంతం మీదకు వెళ్లింది. దాన్ని తీసేశారు. పన్ను పోయింది, నొప్పి పోలేదు. కొన్ని నెలలకు చకిలం కొరుకుతుంటే చెవి పక్కన కటక్కుమంది. మర్నాడు పొద్దున నోట్లో రెండు వేళ్లకు మించి పట్టలేదు. ఆ పన్ను గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

దవడ నొప్పి చెవిపోటులా ఎందుకు తోస్తుంది? కీలుకు స్పర్శ ఇచ్చే నరమే చెవి ముందు భాగానికీ, కణతకూ వెళ్తుంది. నొప్పి ఏ ఇంట్లో పుట్టిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. ఈ ఇరుగుపొరుగు చాలా పాతది కూడా. సరీసృపాల్లో దవడ కీలుగా పనిచేసే రెండు ఎముకలు క్షీరదాల్లో చిన్నవైపోయి నడిమి చెవిలో చేరాయి. బడి పుస్తకాల్లో కూటకం, దాగలి అని చదువుకున్నవి అవే. సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి మోర్గానుకోడాన్ అనే చిన్న జీవి శిలాజాల్లో పాత కీలు, కొత్త కీలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇప్పుడు మనం వినడానికి వాడే ఎముకలు ఒకప్పుడు నమలడానికి పనికొచ్చినవి!

ఇక ఆ శబ్దం సంగతి. పుర్రె ఎముకకూ దవడ గుండుకూ మధ్య చిన్న మెత్తలాంటి డిస్క్ ఉంటుంది. అది ముందుకు తప్పుకుంటే, నోరు తెరిచేటప్పుడు గుండు దాని అంచు దాటి మళ్లీ దాని మీదికి ఎక్కుతుంది. కటక్కుమనేది అప్పుడే. డిస్క్ అడ్డుపడి గుండును జారనివ్వకపోతే నోరు సగంలో ఆగిపోతుంది. మామూలుగా పెద్దవాళ్ల నోరు 40 మిల్లీమీటర్లకు పైగా తెరుచుకుంటుంది. అంటే మన మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. పిన్నికి రెండే పట్టాయి.

నొప్పి లేని శబ్దం మాత్రం జబ్బు కాదు. ఏ బాధా లేనివారికి ఎంఆర్ఐ తీసినా దాదాపు ముగ్గురిలో ఒకరికి డిస్క్ పక్కకు తప్పి కనిపిస్తుంది. చప్పుడు వస్తోందని భయపడి వైద్యం చేయించుకోనక్కరలేదు.

చాలామందికి అసలు నొప్పి కీలులో కాదు, దాన్ని కదిపే కండరాల్లో ఉంటుంది. పళ్లు గట్టిగా కరిచి చెంపల మీద చేయి పెట్టి చూడండి, రాయిలా బిగుసుకునే కండరం తెలుస్తుంది. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లూ కింది పళ్లూ ఒకదాన్నొకటి తాకకూడదు. తాకే సమయమంతా కలిపినా రోజుకు 20 నిమిషాలకు మించదని అంచనా. కోపం వస్తే పళ్లు పటపట కొరకడం, కష్టం వస్తే పంటి బిగువున భరించడం మనకు మాటల్లోనే ఉన్నాయి. పరీక్ష పేపర్లు దిద్దుతూ గంటల తరబడి దవడ బిగించి కూర్చునే అలవాటు తనకుందని పిన్నికి ఎవరో చెప్పేదాకా తెలియదు. దానికి నిద్రలేమి, దిగులు, మెడనొప్పి తోడైతే నొప్పి పాతుకుపోతుంది. ఈ బాధ మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ.

వైద్యం ఈ సంగతి గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1934లో జేమ్స్ కాస్టన్ అనే అమెరికన్ చెవి ముక్కు గొంతు వైద్యుడు 11 మంది రోగుల్ని వర్ణించి, తప్పంతా పళ్ల అమరికదే అన్నాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎందరికో మంచి పళ్లను అరగదీసి, తొడుగులు వేసి, అమరిక మార్చారు. 1980ల్లో అంతకన్నా ఘోరం జరిగింది. డిస్క్ తీసేసి దాని చోట టెఫ్లాన్ పూత ఉన్న ప్రోప్లాస్ట్ అనే కృత్రిమ పదార్థపు ముక్కలు అమర్చారు. నమిలే ఒత్తిడికి అవి పొడిపొడి అయ్యాయి. ఆ పొడిని ఎదుర్కొనే ప్రయత్నంలో శరీరం చుట్టూ ఉన్న ఎముకనే తినేసింది. 1991 నాటికి అమెరికా ప్రభుత్వం వాటిని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించింది. అప్పటికే ఆ ముక్కలు ఒంట్లో ఉన్నవాళ్లు ఎంత నరకం అనుభవించారో!

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు దీర్ఘకాలపు దవడ నొప్పికి గట్టిగా సిఫారసు చేసినవి చాలా మామూలు పద్ధతులు: దవడ వ్యాయామాలు, ఫిజియోథెరపిస్టు చేతితో చేసే చికిత్స, నొప్పి పట్ల ఆలోచననూ అలవాట్లనూ మార్చే కౌన్సెలింగ్. వద్దని గట్టిగా చెప్పిన వాటిలో డిస్క్ తీసే ఆపరేషన్ ఒకటి, పళ్ల అమరికను శాశ్వతంగా మార్చేసే తొడుగులు ఇంకొకటి. రాత్రి పళ్లకు పెట్టుకునే నైట్ గార్డ్ పళ్లు అరగకుండా కాపాడుతుంది. నొప్పి తగ్గిస్తుందనడానికి మాత్రం ఆధారాలు బలంగా లేవు. ఎవరైనా మొదటి రోజే పళ్లు అరగదీద్దాం, ఆపరేషన్ చేద్దాం అంటే ఇంకో వైద్యుణ్ణి అడిగి తీరాలి.

ఇంట్లో చేసుకోగలిగింది చాలానే ఉంది. కొన్ని వారాలు ఇడ్లీ, పెరుగన్నం, కిచిడీలాంటి మెత్తని తిండి తినాలి. చెరుకు, సకినాలు, చూయింగ్ గమ్ మానాలి. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించి, నోరు మరీ బార్లా తెరవకుండా ఆపుకోవాలి. చెంపలకు గోరువెచ్చని కాపడం హాయినిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం దవడకు విశ్రాంతి భంగిమ నేర్పడం. "న" అన్నప్పుడు నాలుక కొస పై పళ్ల వెనక ఆనుతుంది కదా, దానికి రవ్వంత వెనగ్గా నాలుకను ఉంచి, పెదవులు మూసి, పళ్లను విడిగా ఉంచాలి. రోజులో గుర్తొచ్చినప్పుడల్లా సరిచూసుకోవాలి.

కొన్ని విషయాల్లో మాత్రం ఆలస్యం చేయకూడదు. వక్క, గుట్కా నమిలేవారికి నోరు క్రమంగా తెరుచుకోకపోవడం, కారం తగిలితే మంట పుట్టడం కీలు జబ్బు కాదు. అది నోటి లోపలి పొర బిగుసుకుపోయే రోగం, క్యాన్సర్‌కు దారితీయవచ్చు. 50 దాటినవారికి కొత్తగా కణతల్లో నొప్పి, నములుతుంటే దవడ లాగడం, చూపు మసకబారడం కనిపిస్తే రక్తనాళాల వాపు కావచ్చు, చూపు పోయే ప్రమాదముంది. మెట్లెక్కుతుంటే దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు వస్తే అది గుండెపోటు అయ్యే అవకాశం ఉంది. గాయం తర్వాత దవడ బిగుసుకుంటే ధనుర్వాతాన్ని అనుమానించాలి.

పిన్ని మూడు నెలలు అద్దం ముందు నిలబడి వ్యాయామం చేసింది. పేపర్ల కట్ట మీద "పళ్లు విడిగా" అని రాసి అతికించుకుంది. ఇప్పుడు నోట్లో మూడు వేళ్లు పడుతున్నాయి. కటక్ చప్పుడు అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. ఆమె దాన్ని పట్టించుకోవడం మానేసింది.