ఇప్పచెట్టు గురించి అపోహలు, అసలు సంగతులు

శ్రీకాకుళం జిల్లా మందస కొండల కింద పదేళ్లుగా అడవి మొక్కల నర్సరీ నడుపుతున్నాను, ఎక్కువ పెంచేది ఇప్పే. మొక్క కోసం వచ్చినవాళ్లు అనే మాటలు దాదాపు ఒకటే కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నా.

అపోహ: ఇప్ప అంటే సారా.
ఎండబెట్టిన పువ్వు ఉడకబెట్టుకుని, వేయించుకుని తింటారు, అడవిలో ఎలుగులకీ వేసవి తిండి. గింజ నుంచి నూనె తీస్తారు, చలికి గడ్డకట్టేస్తాది. సారా దగ్గరే ఆగిపోతే ఎలా?

అపోహ: రావి, వేపలా ఇది పూజించే చెట్టు కాదు.
మన జిల్లాలోనే ఉండి ఈ మాట అంటే నాకు బాధేస్తాది. వంశధార ఒడ్డున శ్రీముఖలింగంలో స్వామి పేరేటి? మధుకేశ్వరుడు. మధూకం అంటే ఇప్పచెట్టే. సవర గిరిజనుల దొర భార్యలిద్దరూ ఇప్పపూల కోసం తగువు పడితే ఆయన విసిగి చెట్టు నరికేశాడని, ఆ మొదట్లోంచి శివుడు ముఖం చూపించాడని స్థలపురాణం.

అపోహ: పువ్వులన్నీ ఏరేస్తే ఇంక కాయలెక్కడివి?
సవర ఆడోళ్లు తెల్లారకముందే బుట్టలు పట్టుకెళ్లి ఏరుకుంటారు కదా, వాళ్లవల్లే చెట్లు తగ్గిపోతున్నాయని కూడా అనేస్తారు. ఇది అన్యాయమండి. రాలిన పువ్వు ఒకటి అరచేతిలో పెట్టుకుని చూడండి, లేత పసుపు రంగులో కండపట్టి ఉంటాది, నొక్కితే తీపి రసం వస్తాది, అడుగున చిన్న చిల్లు ఉంటాది. అంటే రాలింది కేసరాలతో కలిసి రేకుల గిన్నె ఒక్కటే, పిందె పైన కొమ్మకే ఉండిపోయింది, సన్నటి కాడ బయటికి పెట్టుకుని. అదే జూన్, జూలైకి పండవుద్ది. రాత్రిళ్లు ఆ తీపికోసం వచ్చే గబ్బిలాలే పుప్పొడి మోస్తాయి, దయచేసి వాటిని తోలకండి.

అపోహ: కింద మంట పెడితే వచ్చే ఏడు బాగా పూస్తాది.
అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది. ఎండుటాకుల్లో పువ్వు కనపడదని నిప్పు పెడతారు, పెద్ద మాను తట్టుకున్నట్టే ఉంటాది గానీ మొదలు దగ్గర బెరడు కాలిపోద్ది, కింద మొలిచిన పిల్లమొక్క ఒక్కటి మిగలదు. ముసలి చెట్లు తప్ప జానెడు మొక్క కూడా కనపడని తోపులు చూశాను, గుండె తరుక్కుపోయింది, ఎందుకంటే ఇప్ప పూతకి రావాలంటే పదేళ్లయినా పడుతుంది, ఇవాళ కాలిన మొక్కకి బదులు రేపు నాటితే సరిపోదు. మేం బారువ వైపు నుంచి పాత చేపల వలలు తెచ్చి చెట్టు కింద కర్రలకి కట్టాం. పువ్వు మట్టి అంటకుండా వల్లో పడుతోంది, ఏరే పని తగ్గింది, మంట అక్కర్లేదు. ఒకామె చూసి "నడుం వంచక్కర్లేదు బాబూ" అంది, మర్నాడు ఇంకో చెట్టుకి కూడా వల అడిగింది.

అపోహ: గింజ ఎండబెట్టి వచ్చే ఏడు వేసుకోవచ్చు.
నేనూ మొదట్లో ఒకచోట కొన్న ఎండుగింజ బస్తాడు వేశాను, ఒక్కటీ మొలవలేదు. ఇప్పగింజ పచ్చిదనం పోతే చచ్చిపోద్ది, ప్రాణం ఉండేది కొన్ని వారాలే. పండు తీసిన వెంటనే వానల్లో వేసేయాలి, తల్లివేరు లోతుగా దిగుద్ది కాబట్టి పొడుగు కవర్లు వాడాలి. ఈ ఏడు ఎవరికైనా చెట్టు కింద పండు దొరికితే ఎండనివ్వకుండా తడి గోనెగుడ్డలో చుట్టి ఆ రోజే తెచ్చివ్వండి, కవర్లు నింపి ఉంచాను.