వాంతులు కూడా రానంత రేడియేషన్: గొడవ మొదలైంది ఎక్స్-రే గదిలో

రేడియేషన్ ఎంత తక్కువైనా దానికి తగ్గ ముప్పు ఎంతో కొంత ఉంటుందన్నది ఒక లెక్క. దీన్నే ఎల్ఎన్‌టీ (లీనియర్ నో-థ్రెషోల్డ్) సూత్రం అంటారు. చాలా దేశాల భద్రతా నిబంధనలకు ఇదే పునాది. దీన్ని మళ్లీ పరిశీలించమని 2025 మే 23న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అణు నియంత్రణ కమిషన్‌ను ఆదేశించడంతో పాత తగాదా మళ్లీ రాజుకుంది.

పెద్ద డోస్ విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఒళ్లంతటికీ ఒక్కసారిగా ఒక గ్రే (ఒంట్లోకి చేరిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) దాటి తగిలితే వాంతులు పట్టుకుంటాయి. తర్వాత కొన్నాళ్లు మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు. ఆ లోపలే ఎముక మజ్జలో కొత్త రక్తకణాల తయారీ పడిపోతుంది, ఆపైన ఇన్ఫెక్షన్లు, రక్తస్రావం. వైద్యం అందకపోతే నాలుగు గ్రేల దగ్గర సుమారు సగం మంది బతకరు. హిరోషిమా తర్వాత ఇదంతా లోకానికి తెలిసిందే. తగవంతా అందులో వందో వంతు డోస్ గురించి.

ఆ ప్రశ్నను మలుపు తిప్పింది బాంబు కాదు, ఆసుపత్రి ఎక్స్-రే. 1950లలో బ్రిటన్‌లో కడుపులో బిడ్డ ఎలా ఉందో చూడటానికి గర్భిణులకు ఎక్స్-రే తీయడం మామూలే. అప్పట్లో పిల్లల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) మరణాలు పెరుగుతుంటే, కారణం తల్లులకే తెలిసి ఉండొచ్చని ఆక్స్‌ఫర్డ్ డాక్టర్ ఆలిస్ స్టీవర్ట్ అనుకున్నారు. లేడీ టాటా స్మారక నిధి ఇచ్చిన 1,000 పౌండ్లతో పని మొదలైంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికీ, అదే ఈడు బిడ్డ ఆరోగ్యంగా ఉన్న మరో తల్లికీ ఒకే ప్రశ్నపత్రం. అంటురోగాలు, పెంపుడు జంతువులు, తిండి, రంగు వేసిన పానీయాలు, మిఠాయిలు అన్నీ అడిగారు. వాటి మధ్యలో ఒకటి: గర్భంతో ఉన్నప్పుడు ఎక్స్-రే తీశారా?

తేడా అక్కడే కనిపించింది. కడుపులో ఉండగా ఎక్స్-రే తగిలిన పిల్లల్లో క్యాన్సర్ మరణాల ముప్పు దాదాపు రెట్టింపు. 1956లో లాన్సెట్ వైద్య పత్రికలో, 1958లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది వచ్చింది. వైద్యలోకం నమ్మలేదు. బిడ్డ చనిపోయిన తల్లి ప్రతి చిన్న విషయాన్నీ తవ్వి గుర్తు చేసుకుంటుంది, ఆ తేడా అందువల్లే వచ్చిందన్నారు. 1960లో బ్రిటిష్ పరిశోధకుడు రిచర్డ్ డాల్ తదితరుల అధ్యయనంలోనూ లుకేమియా పెరిగినట్టు తేలలేదు.

కానీ 1962లో హార్వర్డ్ పరిశోధకుడు బ్రయన్ మెక్‌మహాన్ ఎవరి జ్ఞాపకాల మీదా ఆధారపడలేదు. 7 లక్షల పైచిలుకు జననాలకు సంబంధించిన ఆసుపత్రి రికార్డుల నుంచి లెక్క తీశారు. ఎక్స్-రే తగిలిన పిల్లల్లో క్యాన్సర్ మరణాల ముప్పు సుమారు 40 శాతం ఎక్కువని తేలింది. అసలు ఏదో జబ్బు అనుమానం ఉన్నవాళ్లకే ఎక్స్-రే తీశారేమో అన్న సందేహం మిగిలింది. దానికి కవలలు జవాబిచ్చారు. కవలలని అనుమానం వస్తే చాలు, ఏ జబ్బూ లేకున్నా ఎక్స్-రే తీసేవారు. వాళ్లలోనూ అదే పెరుగుదల ఉందని 1974లో మోల్ అనే పరిశోధకుడు చూపించారు. ఆఖరికి 1997లో, ఏళ్ల తరబడి సందేహించిన అదే డాల్, వేక్‌ఫర్డ్ అనే మరో పరిశోధకుడితో కలిసి సమీక్ష చేసి, కడుపులోని బిడ్డకు 10 మిల్లీగ్రేలు (గ్రేలో వందో వంతు) తగిలినా ముప్పు పెరుగుతుందని రాశారు. స్టీవర్ట్ మొదటి ప్రచురణకూ దీనికీ మధ్య నలభై ఏళ్లు. గర్భిణులకు ఎక్స్-రేలు ఒక్కసారిగా ఆగిపోలేదు. అల్ట్రాసౌండ్ వచ్చాకే బాగా తగ్గాయి.

ఎల్ఎన్‌టీని వ్యతిరేకించేవారూ శాస్త్రవేత్తలే. చిన్న దెబ్బలను కణం తానే బాగుచేసుకుంటుందని, 100 మిల్లీసీవర్ట్‌ల (ఒంటికి జరిగే హానిని లెక్కగట్టే ప్రమాణం; ఎక్స్-రేలకు సుమారు 100 మిల్లీగ్రేలతో సమానం) కింద ఈ లెక్క ముప్పును ఎక్కువ చేసి చూపవచ్చని 2005లో ఫ్రాన్స్ సైన్స్, వైద్య అకాడమీలు అన్నాయి. అతి భయం వల్లా నష్టం ఉంటుందన్నదీ కాదనలేం. ఫుకుషిమాలో హడావుడిగా తరలించిన వృద్ధుల్లో చాలామంది ప్రాణాలు పోయాయి. కానీ కణం చేసే ఆ మరమ్మతు ప్రతిసారీ సరిగ్గా జరగదు. డీఎన్ఏ రెండు పోగులూ తెగినప్పుడు తప్పుగా అతుక్కునే అవకాశం ఉంది.

2015లో ఈ సూత్రాన్ని వదిలేయమని అర్జీలు వస్తే, అమెరికా అణు నియంత్రణ కమిషనే 2021లో తోసిపుచ్చింది. తర్వాత 2023లో ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికాలకు చెందిన 3 లక్షలకు పైగా అణు కార్మికుల అధ్యయనం వచ్చింది. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగిలిన డోస్‌తోనూ క్యాన్సర్ మరణాలు పెరిగాయని అది తేల్చింది. అమెరికాలో సామాన్యుడికి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ పరిమితి అయితే, అక్కడి అణు కార్మికులకు ఇప్పటికే 50. ట్రంప్ ఆదేశం ప్రకారం తుది నిబంధనలు 18 నెలల్లో రావాలి.