నాలుగో వారంలో కాలు ఎందుకు మొరాయిస్తుంది?

"ఆరు వారాలు పరుగు మానేశాను. ఎక్స్‌రే బాగుందన్నారు. మళ్లీ మొదలుపెడితే మూడు వారాలు హాయిగా సాగింది. నాలుగో వారంలో అదే చోట, అదే నొప్పి. ఎందుకు?"

మారథాన్‌కు తయారయ్యేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. మోకాలి కింద, కాలి ముందువైపు చేతికి తగిలే పెద్ద ఎముక టిబియా. దాని లోపలి అంచున బొటనవేలితో నొక్కితే ఒక్కచోటే ప్రాణం పోయినట్టుండే స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే భారానికి ఎముకలో వచ్చే సన్నని పగులు) సంగతి. జవాబుకు ఆధారం ప్రశ్నలోనే ఉంది: నాలుగో వారం.

బడిలో ఎముకల పాఠం 206 అనే అంకెతో మొదలై అక్కడే ముగుస్తుంది. ఆ 206 ఎముకలూ బతికున్నంత కాలం తమను తాము తవ్వుకుంటూ, పూడ్చుకుంటూ ఉంటాయన్న సంగతి పరీక్షలో రాదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. పరిగెత్తినప్పుడు ఎముకలో కంటికి కనిపించని పగుళ్లు పడటం మామూలే. ఎముక కణాల్లో నూటికి 90కి పైగా ఉండే ఆస్టియోసైట్లు సన్నని కాలువల్లోంచి ఒకదానికొకటి చేతులు చాచుకుని ఉంటాయి. పగులు ఆ చేతుల్ని తెంపుతుంది. దెబ్బతిన్న కణాలు చనిపోతూ కబురు పంపుతాయి. ఆస్టియోక్లాస్టులనే తవ్వే కణాలు వచ్చి ఆమ్లంతో ఖనిజాన్ని కరిగించి, ఎంజైములతో కొల్లాజెన్‌ను కోసి, పగులు ఉన్న భాగాన్ని సొరంగంలా తవ్వేస్తాయి. దీనికి సుమారు మూడు వారాలు. వాటి వెనకాలే ఆస్టియోబ్లాస్టులనే పూడ్చే కణాలు వచ్చి కొత్త ఎముకను పొరలు పొరలుగా పరుస్తాయి. దీనికి సుమారు మూడు నెలలు. ఆ కొత్త పొరల్లో ఖనిజం పూర్తిగా చేరి గట్టిపడాలంటే ఇంకా నెలలు పడుతుంది.

అంటే తవ్వకం వేగం, పూడిక నిదానం. మన ఊళ్లో రోడ్డు మరమ్మతు గుర్తు తెచ్చుకోండి. చిన్న గుంత పూడ్చడానికి దాని చుట్టూ పెద్ద గొయ్యి తవ్వుతారు, కాబట్టి బాగుచేయడం మొదలైన రోజు నుంచి రోడ్డు ముందుకన్నా బలహీనం. మిగిలిన సందులోంచే బండ్లన్నీ పోతే ఆ సందూ చిట్లుతుంది. అక్కడా తవ్వాలి. పైన సిమెంటు కనిపిస్తుంది, కానీ లోపల క్యూరింగ్ కాలేదు. ఎక్స్‌రేలో "అతికింది" అంటే సిమెంటు పోశారని మాత్రమే అర్థం, లారీలు వదలమని కాదు. అలాగని రోడ్డును ఏళ్ల తరబడి మూసేసినా లాభం లేదు. రాకపోకలు లేని దారికి మరమ్మతు ముఠా రాదు, పైగా ఉన్న కంకరా పీక్కుపోతారు. నెలల తరబడి మంచాన పడ్డవాళ్ల ఎముక పలచబడేది అందుకే. సగం రోడ్డు తెరిచి, సైకిళ్లను, స్కూటర్లను వదులుతూ పని సాగించాలి.

పరుగు మళ్లీ మొదలైన మూడు నాలుగు వారాలకు కొత్త తవ్వకాలు ఎక్కువగా ఉంటాయి, పూడిక ఇంకా అందుకోదు. సరిగ్గా అప్పటికే ఆయాసం తగ్గి, ఊపిరి కుదిరి, "ఇక పర్వాలేదు" అనిపిస్తుంది. గుండె, కండరాలు వారాల్లో కోలుకుంటాయి, ఎముక లెక్క నెలల్లో. ఈ తేడానే మళ్లీ దెబ్బ తీస్తుంది.

ఇక అసలు లెక్క. ఎముకకు కలిగే అలసట నష్టం అడుగుల సంఖ్యతో నేరుగా పెరుగుతుంది. కానీ ఒక్కో అడుగులో ఎముక ఎంత వంగిందన్న దానితో, అంటే వికృతితో, దాదాపు ఏడో ఘాతంలో పెరుగుతుంది. అడుగులు 10 శాతం పెంచితే నష్టం 10 శాతం. ఒక్కో అడుగు భారం 10 శాతం పెరిగితే 1.1ను ఏడుసార్లు గుణించండి: 1.95. దాదాపు రెట్టింపు! అందుకే ముందు నిమిషాలు పెంచాలి, వేగం చివర్లో. వాలు దిగడం కూడా చివర్లోనే. అదే వేగంలో అడుగు కొంచెం పొట్టిగా, త్వరత్వరగా వేస్తే అడుగుల సంఖ్య పెరిగినా మొత్తం నష్టం తగ్గేది ఈ ఘాతం పుణ్యమే. పిక్క కండరం అలిసిపోతే ఎముక ఎక్కువ వంగుతుంది, కాబట్టి ఆఖరి పది నిమిషాల పరుగు మొదటి పది నిమిషాలతో సమానం కాదు.

మొదలుపెట్టే ముందు మూడు పరీక్షలు. వరసగా ఐదు రోజులు నడకలో నొప్పి ఉండకూడదు. పాత చోట బొటనవేలితో గట్టిగా నొక్కినా ఏమీ అనిపించకూడదు. 45 నిమిషాలు చురుగ్గా నడిచినా, మర్నాడు పొద్దున కాలు కింద పెట్టినా ఇబ్బంది ఉండకూడదు. ఆ తర్వాత రోజు విడిచి రోజు: పది నిమిషాల నడక, ఆపై ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఆరుసార్లు. నిమిషానికి 160 అడుగుల లెక్కన ఒక్కో కాలికి పడేవి 480 అడుగులే. ఏమీ లేకపోతే అదే మోతాదు ఇంకోసారి. తర్వాత రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడక. తర్వాత మూడు, ఒకటి. ఇలా అరగంట ఆగకుండా పరిగెత్తే దశకు ఐదారు వారాల ముందు చేరనక్కర్లేదు. అప్పటికి ఒక్కో కాలికి 2,400 అడుగులు. అంటే ఐదింతలు! మూడు వారాలు పెంచి నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. సైన్య శిక్షణలో ఇలాంటి విరామ వారాలను పరీక్షిస్తే ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. తగ్గించడం వల్ల పోయేదేమీ లేదు కనుక నా ఓటు తగ్గించడానికే.

పరుగు లేని రోజు మెట్టు అంచున నిలబడి ఒంటికాలి మీద మడమలెత్తడం, 15 చొప్పున మూడు విడతలు. పరిగెత్తడానికి కాలనీ సిమెంటు రోడ్డు వాలు అంచుకన్నా స్కూలు గ్రౌండు మేలు.

వారానికి 10 శాతమే పెంచాలన్న నియమం గురించి రెండు మాటలు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 532 మంది కొత్త రన్నర్లను రెండు గుంపులు చేసి, ఒకరికి 10 శాతం నియమంతో 13 వారాలు, ఇంకొకరికి మామూలుగా 8 వారాలు శిక్షణ ఇచ్చారు. గాయపడ్డవాళ్లు 20.8 శాతం, 20.3 శాతం. తేడా లేదు. 10 అనే అంకెలో మహిమ లేదు.

విచిత్రమేమిటంటే, భారానికి స్పందించి పెరిగే విషయంలో ఎముకకు చెవులు త్వరగా మూసుకుపోతాయి. పక్షి రెక్క ఎముకపై 1984లో చేసిన ప్రయోగంలో రోజుకు 36 సార్లు భారం వేస్తే వచ్చిన పెరుగుదల, 1,800 సార్లు వేసినా మించలేదు. ఎలుకల్లో ఆ స్పందన మళ్లీ పూర్తిగా రావడానికి సుమారు 8 గంటలు పట్టింది. కాబట్టి ఒకేసారి అరగంటకన్నా ఉదయం, సాయంత్రం పావుగంట చొప్పున విడగొట్టడంలో అర్థముంది.

నొప్పి విషయంలో స్నాయువుకు, ఎముకకు ఒకే చట్టం వర్తించదు. మడమ వెనక నరం అని మనం పిలిచే ఆకిలిస్ స్నాయువుకు వ్యాయామంలో కొద్దిపాటి నొప్పి ఫరవాలేదు, మర్నాటికి తగ్గితే చాలు. ఎముకకు మాత్రం సున్నా. ఒక్కచోట వేలితో చూపించగలిగే నొప్పి వచ్చిందా, ఆ రోజుకు ఆపి నడుచుకుంటూ ఇంటికి రండి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడమంటే కబురు మోసే మనిషి నోరు నొక్కడమే.

నల్లి ఎముకల సూపు తాగితే ఎముక అతుకుతుందన్న నమ్మకం బలమైనది. రుచి బాగుంటుంది, అంతవరకే. సూపులోకి దిగే కాల్షియం కొద్దిగా, కొల్లాజెన్ కడుపులో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 360 ఉంటుంది, మిగతాది పాలు, పెరుగు. దీనికన్నా ముఖ్యం కడుపు నిండా తినడం. బరువు తగ్గాలని అన్నం తగ్గించి పరుగు పెంచితే పూడ్చే కణాలకు పని సాగదు. ఆడవాళ్లలో నెలసరి ఆగితే అది మొదటి హెచ్చరిక. పుత్తూరు కట్టుకు పేరున్న మాట నిజమే కానీ, ఇక్కడ స్థానం తప్పి సర్దాల్సిన ఎముకేదీ లేదు. వారాల తరబడి బిగించి కడితే చిక్కిపోయేది పిక్క.

పైన చెప్పిన మెట్లన్నీ టిబియా లోపలి అంచుకే. నొప్పి టిబియా ముందు గట్టు మీద ఉన్నా, పాదం పైభాగంలో నావిక్యులర్ ఎముక దగ్గర ఉన్నా, ఒంటికాలి మీద గెంతితే గజ్జలో పొడిచినా ఈ పట్టిక పక్కన పెట్టేయండి. గజ్జ నొప్పి తుంటి ఎముక మెడ దగ్గరి పగులు కావచ్చు. అది పూర్తిగా విరిగితే ఆపరేషన్ తప్పదు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకు ఇవేవీ దొరక్కపోవచ్చు కాబట్టి ఎమ్మారై అడగండి, అప్పటిదాకా ఆ కాలు మీద బరువు వేయకండి.