గుడగుడ వినిపిస్తే మోటారు వేయకండి

తిరుపతిలో నవంబరు వాన రెండు రోజులు పట్టిందంటే మా ఇంట్లో ముందుగా కబురు చెప్పేది స్నానాల గది మూలనున్న జాలీ. దాని కింద గుడగుడమని చప్పుడు మొదలవుతుంది. వీధి మ్యాన్‌హోల్ నిండిపోయి, పైపులో చిక్కుకున్న గాలి పైకి తన్నుకొస్తున్న చప్పుడు అది. జాలీ కిందుండే గిన్నెలాంటి భాగాన్ని ప్లంబర్లు నానీ ట్రాప్ అంటారు. అందులో రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి, కాలువ వాసన ఇంట్లోకి రాకుండా అడ్డుకుంటుంది. ఇలా నీటితోనే వాసనకు అడ్డు కట్టే వంపు పైపును మరుగుదొడ్డికి అమర్చి, 1775లో పేటెంటు పొందినవాడు అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు. గొప్ప ఉపాయమే, కానీ వెనక్కి ఎగదన్నే మురుగును ఆ రెండంగుళాల నీరు ఏం ఆపుతుంది?

నీరు పల్లమెరుగు. మ్యాన్‌హోల్‌లో మురుగు ఏ మట్టానికి చేరితే, దానికి కలిసిన ఇంటి పైపుల్లోనూ ఆ మట్టానికే చేరుతుంది. అంతకన్నా కిందున్న జాలీ ఏదైతే అక్కడ ముందుగా బయటపడుతుంది. పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేసిన ప్రతిసారీ మన ఇల్లు ఒక మెట్టు కిందికి దిగినట్టే. అపార్ట్‌మెంట్లలో అయితే ఆ పల్లం దాదాపు ఎప్పుడూ వాచ్‌మన్ గదే. పై అంతస్తులవాళ్లు తమకేమీ రాలేదు కదా అని బట్టలు ఉతుకుతూనే ఉంటారు. వీధి పైపు నిండాక వాళ్లు వదిలిన ప్రతి బకెట్టూ ఆ గదిలోనే తేలుతుంది. కాబట్టి చప్పుడు వినగానే చేయవలసిన మొదటి పని, అన్ని అంతస్తుల్లోనూ కుళాయిలు కట్టేయడం. ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచిని జాలీ మీద, మరొకటి కమోడ్‌లో పెడితే కొంత ఆగుతుంది. నీళ్లు ప్లగ్గుల దాకా వస్తే మాత్రం అందులో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టుకోవద్దు. విద్యుత్ సిబ్బందిని పిలవాలి.

ఇవన్నీ కంటికి కనిపించే తిప్పలు. నన్ను ఎక్కువగా భయపెట్టేది సంపు. 2021 నవంబరులో వీధులు ఏరులైనప్పుడు మా సంపు మూత మీదుగా మురుగు పారింది. వరద తీశాక అమ్మ గాజు గ్లాసుతో నీళ్లు ముంచి వెలుతురుకు పట్టి చూసి, "తేటగానే ఉన్నాయి, మోటారు వేసేద్దాం" అంది. ఆ స్విచ్ వేసి ఉంటే మురుగు పైట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి వంటింటి కుళాయి దాకా చేరేది.

తేటగా ఉండడానికీ శుభ్రంగా ఉండడానికీ ఎంత దూరమో ఢిల్లీ చూసింది. 1955 చివర్లో యమున నుంచి నీరు తీసుకునే చోటికి మురుగు చేరింది. ఇంజనీర్లు క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ విజృంభించలేదు కానీ, వారాల తర్వాత సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. ఆ కామెర్లు తెచ్చిన వైరస్‌కు హెపటైటిస్-ఇ అన్న పేరు చాలాకాలం తర్వాత పెట్టారు. మురికి నీటిలో క్లోరిన్ ముందుగా ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, క్రిములన్నిటినీ చంపడానికి చాలినంత మిగలదు.

అందుకే మురుగు కలిసిన సంపులో గుప్పెడు బ్లీచింగ్ పౌడర్ చల్లి మూత వేయడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. పూర్తిగా తోడించి, గోడలు రుద్ది కడిగించి, మంచినీరు నింపాక వెయ్యి లీటర్లకు 150 గ్రాముల తాజా పౌడర్ కలిపి, కనీసం 12 గంటలు ఉంచి ఆ నీరంతా పారబోయాలి. పైట్యాంకుకూ ఇదే పని. పౌడర్ డబ్బా ఎన్నాళ్లుగానో మూత తెరిచి పడి ఉంటే అందులో మిగిలింది సున్నమే అనుకోవచ్చు.

నేలకూ అదే వరుస: ముందు సబ్బునీళ్లు, ఆ తర్వాతే బ్లీచింగ్. చేతికి రబ్బరు తొడుగులు, కాళ్లకు బూట్లు ఉండాలి. తడిసిన పరుపుపై మమకారం వద్దు. బ్లీచింగ్ చల్లిన చోట మరుగుదొడ్డి యాసిడ్ మాత్రం పోయకండి. ఆ రెండూ కలిస్తే పుట్టే క్లోరిన్ వాయువునే మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్రె దగ్గర సైనికుల మీద వదిలారు.

మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపే మాటే వద్దు. రక్షణ పరికరాలు లేకుండా దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. అక్కడుండే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు తగ్గిందని దిగినవాడు పడిపోతాడు, వాణ్ని కాపాడబోయినవాడూ పడిపోతాడు.

ఇల్లు ఆరాక అందరూ మరిచిపోతారు. మురుగులో నడిచిన వారం, రెండు వారాలకు జ్వరం, పిక్కల నొప్పులు వస్తే అది ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. హెపటైటిస్-ఇ ఇంకా నిదానం, పది వారాల దాకా పట్టవచ్చు. గర్భిణులకు అది ప్రాణాంతకం కాగలదు. నవంబరులో నీళ్లు వచ్చిన ఇంట్లో సంక్రాంతికి ఒకరి కళ్లు పచ్చబడితే, ఆసుపత్రిలో "బయట ఏమైనా తిన్నారా?" అని అడుగుతారు. అప్పుడు సంపు సంగతి కూడా చెప్పండి.