తక్కువ ఖర్చుతో వ్యాయామం, నిదానంగా బరువు తగ్గడం: అపోహలు – వాస్తవాలు

రాజమహేంద్రవరంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్న నా దగ్గరకు బరువు తగ్గించమని వచ్చేవారు తక్కువ. బరువు తగ్గే ప్రయత్నంలో మోకాలో, మడమో, నడుమో పట్టేసి వచ్చేవారు ఎక్కువ. సంక్రాంతి పిండివంటలు అయిపోయాక ఒకసారి, పెళ్ళి ముహూర్తాలకు నెల ముందు ఇంకొకసారి ఈ తాకిడి పెరుగుతుంది. వారిలో చాలామంది కథ ఒకటే. ఏళ్ళ తరబడి కుర్చీకి అతుక్కుపోయిన మనిషి ఒక సోమవారం తెల్లవారుజామున లేచి, గోదావరి గట్టు మీద ఆరు కిలోమీటర్లు నడిచి, మరునాడు పరుగు కూడా మొదలుపెట్టి, పదో రోజుకు మెట్లు దిగలేక గోడ పట్టుకుని మా గది దాకా వస్తారు. ఆ తరువాత మందులకూ స్కానింగులకూ అయ్యే ఖర్చు జిమ్ ఫీజును ఎప్పుడో దాటిపోతుంది. అందువల్ల ఖర్చు లేని వ్యాయామం గురించి రాయాలన్నా ముందు తొందర గురించే రాయవలసి వస్తోంది.

అపోహ: జిమ్‌లో చేరకుండా బరువు తగ్గడం సాధ్యం కాదు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో విడుదల చేసిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ అవసరం, దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నింటికీ బలం చేకూర్చే వ్యాయామం ఉండాలి. ఇందులో యంత్రం ప్రస్తావన ఎక్కడా లేదు. పైగా, ఒక విడతలో కనీసం పది నిమిషాలైనా చేయాలన్న పాత షరతును కూడా ఆ సూచనల్లో తీసివేశారు. బస్టాపు దాకా నడిచిన ఏడు నిమిషాలు, ఆఫీసు మెట్లు ఎక్కిన రెండు నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి.

మధ్యస్థ శ్రమ అంటే ఏమిటో తెలుసుకోవడానికి చేతికి గడియారం కట్టుకోనక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్ర శ్రమ. రాగం తీయగలుగుతున్నారంటే అది షికారు.

కండరాల బలానికి ఇంట్లో ఉన్న కుర్చీ, గోడ, మెట్టు చాలు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకి లేపడం, మెట్టు మీద నిలబడి గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం అనే నాలుగింటితో మొదలుపెట్టమని చెబుతాను. ఒకప్పుడు మన ఊళ్ళ తాలింఖానాల్లో యువకులు ముఖ్యంగా దండీలతో, బస్కీలతోనే కండలు పెంచారన్న సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మడం లేదు. బడిలో శిక్షగా తీయించిన గుంజీల వల్ల కాబోలు, వ్యాయామమంటే మనవారికి అవమానం గుర్తుకొస్తుంది.

అపోహ: ఎంత కష్టపడితే అంత త్వరగా తగ్గుతాం.

వాస్తవం: ఇక్కడ కాస్త లెక్క అవసరం. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి నిల్వ ఉంటుంది. 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో అరగంట నడిస్తే దాదాపు 120 కేలరీలు ఖర్చవుతాయి. అందులో 35 వరకు ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే కనుక, నడక వల్ల అదనంగా పోయింది 85 లేదా 90 మాత్రమే. నెల రోజులు ఒక్క పూట కూడా మానకుండా నడిస్తే ఈ లెక్కన తగ్గేది 350 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఈ మాట చెప్పినప్పుడు ఎదుటివారి ముఖం వాడిపోవడం నేను చాలాసార్లు చూశాను, అయినా చెప్పక తప్పదు. ఎందుకంటే ఈ లెక్క తెలియనివారే పదిహేను రోజులకు విసుగెత్తి మానేస్తారు, లేదా నడకను పరుగుగా మార్చి మడమ నొప్పి తెచ్చుకుంటారు.

వారానికి అర కిలో తగ్గాలంటే రోజుకు సుమారు 550 కేలరీల లోటు కావాలి. నడక 90 ఇస్తే మిగిలినది పళ్ళెంలోంచే రావాలి. కూరలో ఒక పెద్ద చెంచా నూనె తగ్గితే 120, రోజుకు నాలుగు టీలలో రెండేసి చెంచాల పంచదార మానేస్తే 160, వండిన అన్నం వంద గ్రాములు తగ్గితే 130 కేలరీలు మిగులుతాయి. ఈ మూడూ చేయడానికి ఎవరూ రూపాయి ఖర్చు పెట్టనక్కరలేదు, కొంత ఆదా కూడా అవుతుంది. అయితే వ్యాయామం ఎందుకు అని అడగవచ్చు. తిండి మాత్రమే తగ్గించుకున్నవారిలో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. బలాన్నిచ్చే వ్యాయామం ఆ కండను చాలావరకు కాపాడుతుంది, తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా నిలబెట్టడానికి నడక తోడ్పడుతుంది.

ఇక కష్టపడే విషయానికి వస్తే, కండరాలు కొద్ది వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి గాని, వాటిని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు, ఎముకలకు నెలలు పడుతుంది. మూడో వారంలో "ఇప్పుడు తేలికగా ఉంది, రెట్టింపు చేద్దాం" అనిపించేది అందుకే. కండరం సిద్ధమైంది, మడమ కింది పొర సిద్ధం కాలేదు. అసలు వ్యాయామమే లేనివారు మొదటి వారం రోజుకు పది పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి, ప్రతి వారం అయిదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే రెండో నెల దాటేలోగా నలభై నిమిషాలకు చేరుతారు. స్కిప్పింగ్ తాడు చవకే, కేలరీలు కూడా బాగా ఖర్చవుతాయి. కానీ బరువు ఎక్కువగా ఉన్నవారికి మొదటి మూడు నెలలు నేను దానిని సూచించను.

అపోహ: చెమట పడితే కొవ్వు కరిగినట్టే.

వాస్తవం: చెమట నీరు, ఉప్పు. నీళ్ళు తాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది. ప్లాస్టిక్ జాకెట్లు, పొట్టకు కట్టుకునే వేడి బెల్టులు కొనడం డబ్బు దండగ కాగా, మన మే నెల ఎండలో వాటిని ధరించి నడవడం వడదెబ్బను పిలిచినట్టే. ఎండాకాలంలో సూర్యుడు పైకి రాకముందే ముగించండి, లేదా ఇంట్లో ఫ్యాను కింద చేయండి.

అపోహ: పొట్ట తగ్గాలంటే పొట్టకు సంబంధించిన వ్యాయామాలే చేయాలి.

వాస్తవం: ఒక కండరాన్ని పనిచేయిస్తే దాని మీది కొవ్వే కరుగుతుందన్న నియమం శరీరానికి లేదు. మెడ వెనుక చేతులు పెట్టి రోజుకు వంద సార్లు లేచి కూర్చున్నవారికి పొట్ట అలాగే ఉండి, మెడనొప్పి మాత్రం మిగులుతుంది.

అపోహ: రోజుకు పదివేల అడుగులు నడవకపోతే ప్రయోజనం లేదు.

వాస్తవం: ఈ అంకె వైద్యశాస్త్రంలోంచి రాలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, అంటే 1965లో, జపాన్‌లో ఒక సంస్థ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మకానికి పెట్టి దానికి "పదివేల అడుగుల మీటరు" అని అర్థమొచ్చే పేరు పెట్టింది. సగటున 72 ఏళ్ళ వయసున్న అమెరికన్ స్త్రీలపై 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, రోజుకు 4,400 అడుగుల దగ్గరే మరణాల రేటు గణనీయంగా తక్కువగా కనబడింది. 7,500 దాటిన తరువాత అదనపు లాభం ఆగిపోయింది. అది ఆయుష్షుకు సంబంధించిన లెక్కే గాని బరువుది కాదు. అయినా 3,000 అడుగులు నడిచేవారు 5,000కు చేరడం చిన్న విషయం కాదని చెప్పడానికి సరిపోతుంది.

అపోహ: ఇంటిపని చేసే ఆడవారికి వేరే వ్యాయామం అక్కరలేదు, బరువులు ఎత్తితే మగవారిలా కండలు వస్తాయి.

వాస్తవం: "ఇంటెడు చాకిరీ చేస్తున్నానండీ, ఇంకా ఏం వ్యాయామం?" అని అడిగే గృహిణికి ఏమని చెప్పాలో నాకు చాలాకాలం తెలియలేదు. ఆమె అలసట నిజం. ఊడ్చడం, తుడవడం, బట్టలు ఉతకడం శ్రమ కాదనేవారు ఎప్పుడూ వాటిని చేసి ఎరుగరు. అయితే ఏళ్ళ తరబడి ఒకే పనికి అలవాటు పడిన శరీరం అంతకు మించి బలపడదు. నిలబడి వండడం, వంగి ఊడ్చడం నడుమును అలసింపజేస్తాయి గాని తొడలకు, వీపుకు కావలసిన బలాన్ని ఇవ్వవు. అందువల్ల ఆమెకు కావలసింది ఇంకో గంట శ్రమ కాదు, వారంలో రెండు మూడు సార్లు ఇరవై నిమిషాల వేరే రకం శ్రమ; ఆ ఇరవై నిమిషాలు దొరకాలంటే ఇంట్లో మరొకరు గిన్నెలు తోమాలన్నది నేను వారి భర్తలకు చెప్పే చికిత్సలో భాగం.

కండల భయం అక్కరలేదు. స్త్రీలలో టెస్టోస్టిరోన్ హార్మోను పురుషులలో కంటే ఎన్నో రెట్లు తక్కువ కనుక ఇంట్లో చేసే వ్యాయామంతో వారికి బలం వస్తుంది, రూపం బిగుతుగా మారుతుంది, అంతే. డంబెల్స్ కొనవలసిన పని లేదు. లీటరు నీళ్ళ సీసా ఒక కిలో. రెండు లీటర్లది రెండు కిలోలు. అది తేలికయ్యాక పాత సంచిలో అయిదు కిలోల బియ్యం పోసి మూతి గట్టిగా కట్టి, గుండెకు హత్తుకుని కుర్చీలోంచి లేచి కూర్చోండి. ఊపిరి బిగబట్టకూడదు, లేచేటప్పుడు వదలాలి.

అపోహ: మోకాళ్ళ నొప్పులున్నవారు కదలకూడదు.

వాస్తవం: నడిచేటప్పుడు పడే ప్రతి అడుగులోనూ, శరీరం నుంచి తగ్గిన ఒక్కొక్క కిలో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారాన్ని తగ్గిస్తుందని మోకాళ్ళ అరుగుదల ఉన్నవారిపై జరిగిన పరిశోధనలో తేలింది. అయిదు కిలోలు తగ్గినవారు మెట్లెక్కుతూ "ఇరవై ఏళ్ళ కిందటిలా ఉంది" అనడంలో అతిశయోక్తి లేదు. అరిగిన మోకాలికి తొడ కండరమే ఊతకర్ర. కూర్చుని కాలు చాచి అయిదు సెకన్లు బిగించి వదలడం, ఎత్తైన కుర్చీలోంచి లేవడం, చదునైన నేల మీద కొద్దికొద్దిగా నడవడం ఈ దశలో సరిపోతాయి. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉండి, మరునాటికి మామూలు స్థితికి వస్తే కొనసాగించవచ్చు. మరునాడు వాపు వస్తే మోతాదు సగానికి తగ్గించాలి.

ఖర్చు పెట్టమని నేను చెప్పే ఏకైక వస్తువు బూట్లు. హవాయి చెప్పులతో కిలోమీటర్లు నడిచి మడమ నొప్పి తెచ్చుకున్నవారు నా జాబితాలో చాలామంది ఉన్నారు. పేరున్న కంపెనీవి కానక్కరలేదు, మడమ దగ్గర గట్టిగా పట్టి ఉండి, వేళ్ళ దగ్గర విశాలంగా ఉంటే చాలు. పాదాలు సాయంత్రానికి కొద్దిగా ఉబ్బుతాయి కనుక సాయంత్రం పూట కొనండి.

అపోహ: పరగడుపున చేస్తేనే కొవ్వు కరుగుతుంది.

వాస్తవం: రోజు మొత్తం మీద తిన్నదెంత, ఖర్చయినదెంత అన్నదే బరువును నిర్ణయిస్తుంది, ఏ పూట అన్నది మీ సౌకర్యం. కానీ మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి ఈ అపోహ ప్రమాదకరం. పరగడుపున గంట నడిస్తే చక్కెర పడిపోయి చేతులు వణకడం, చల్లని చెమటలు, కళ్ళు తిరగడం జరగవచ్చు. అటువంటివారు జేబులో మూడు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోవాలి. భోజనం తరువాత పది పదిహేను నిమిషాల నిదానమైన నడక మధుమేహులకు భోజనానంతర చక్కెరను తగ్గిస్తుంది. నడుస్తుండగా ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం వస్తే "గ్యాస్" అనుకోకుండా వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్ళాలి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారు, గర్భిణులు మొదలుపెట్టే ముందే తమ డాక్టరును అడగాలి.

అపోహ: ప్రొటీన్ పౌడర్ లేకపోతే వ్యాయామం వృథా.

వాస్తవం: హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనల్లో ప్రొటీన్ పౌడర్లకు దూరంగా ఉండమనే చెప్పింది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వండని కందిపప్పు వంద గ్రాముల్లో 20 గ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. అన్నం ముద్ద తగ్గించి పప్పు గరిటె పెంచండి. అన్నం మానేసి అంతే పరిమాణంలో జొన్నరొట్టె తినడం వల్ల పీచు ఎక్కువ అందుతుంది గాని, వండకముందు గింజల బరువు లెక్కన రెండింటి కేలరీలూ దాదాపు సమానమే.

అపోహ: తూకం కదలలేదంటే వ్యాయామం పనిచేయనట్టే.

వాస్తవం: ఊరగాయ ఎక్కువ తిన్న మరునాడు, నెలసరి ముందు రోజుల్లో, శరీరంలో నిలిచే నీటి వల్లనే ఒకటి రెండు కిలోల తేడా రావచ్చు. వారానికి ఒకసారి, ఉదయం కాలకృత్యాల తరువాత, ఒకే తూకం మీద చూసి నోటుపుస్తకంలో రాసుకోండి. దర్జీ టేపు ఇంకా నమ్మకమైన సాక్షి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైభాగానికీ మధ్యలో, ఊపిరి వదిలి కొలవాలి; మనవారిలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటితే జాగ్రత్త పడాలి. బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) కూడా భారతీయులకు 23 దగ్గరే అధిక బరువుగా, 25 దగ్గర స్థూలకాయంగా లెక్కిస్తారు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా బీపీ, చక్కెర మెరుగుపడతాయి కనుక, 80 కిలోల మనిషికి మొదటి లక్ష్యం 4 కిలోలే.

మరొక సంగతి. ఆహారం మార్చకుండా, వ్యాయామం పెద్దగా చేయకుండానే రెండు నెలల్లో ఆరేడు కిలోలు తగ్గానని సంతోషంగా చెప్పేవారు అప్పుడప్పుడు వస్తుంటారు. వారికి నేను వ్యాయామం నేర్పను. ముందు చక్కెర, థైరాయిడ్, క్షయ పరీక్షలు చేయించుకుని రమ్మని డాక్టరు దగ్గరకు పంపుతాను.