తవ్వితే ఆలుగడ్డ: రేసు గుర్రాల పేర్ల వెనక కథ

మలక్‌పేట రేసుకోర్సులో వానాకాలం సీజన్. స్టాండులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. చేతిలో నాలుగు మడతలు పడ్డ రేసు బుక్కు, చెవి మీద పెన్సిలు. మైకులో గుర్రాల పేర్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతున్నాయి. అన్నీ ఇంగ్లీషు పేర్లే, సగం గాలికి పోతున్నాయి. ఆయన మాత్రం "ఏడూ... ఏడూ... ఉరుకు బిడ్డా ఏడూ!" అని ఒకటే కేక. ఏడో నంబరు మూడో స్థానంలో వచ్చింది. ఆయన కాస్త చల్లబడ్డాక "దాని పేరేంటండీ?" అని అడిగాను. నన్ను ఎగాదిగా చూసి, "పేరుతోని మనకేం పని సార్, పెండ్లి చేస్తమా?" అన్నాడు.

ఇంటికొచ్చి రేసు బుక్కు తిరగేస్తే ఆయన మాటలో న్యాయం కనిపించింది. రెండు మూడు మాటలు అతికించి, మధ్యలో ఖాళీ మింగేసి, అచ్చులు పీకేసి రాసిన పేర్లు. కొన్ని జోకులు, కొన్ని సామెతల ముక్కలు, కొన్నయితే ఎవరో కోపంతో చేసిన సంతకాల్లా ఉన్నాయి. డబ్బున్నవాళ్ళ సరదా అని చాలామంది కొట్టిపారేస్తారు. సరదా ఉంది, కాదనను. కానీ ఆ పేర్లు అంత వంకరగా తయారవడానికి సరదా కన్నా రూలు పుస్తకమే పెద్ద కారణం. ఆ రూలు పుస్తకం పుట్టకముందు గుర్రాల పేర్లు ఇలా ఉండేవి కావు.

మన పురాణాలనే చూడండి. కృష్ణుడి రథానికి నాలుగు గుర్రాలు: శైబ్యం, సుగ్రీవం, మేఘపుష్పం, వలాహకం. రెండో పేరు విని కిష్కింధ దాకా వెళ్ళక్కర్లేదు, మంచి మెడ గలది అని అర్థం, అంతే. మేఘపుష్పం అంటే నీళ్ళు, వలాహకం అంటే మబ్బు. సూర్యుడి ఏడు గుర్రాలకైతే ఏకంగా ఛందస్సుల పేర్లే పెట్టారు: గాయత్రి, ఉష్ణిక్కు, అనుష్టుప్పు, బృహతి, పంక్తి, త్రిష్టుప్పు, జగతి. వీటిలో గాయత్రులూ బృహతులూ మన ఇళ్ళలో ఉన్నారు. పిల్లకి ఉష్ణిక్కు అని పెట్టిన ధైర్యవంతుణ్ణి మాత్రం నేనింకా చూడలేదు.

అశ్వత్థామది ఇంకో మెలిక. పుట్టగానే గుర్రంలా సకిలించాడని ఆయనకి ఆ పేరొచ్చిందని మహాభారతం చెబుతుంది. ఆ తర్వాత అదే పేరు ఒక ఏనుగుకి పెట్టారు. గుర్రం మీదుగా మనిషికి వచ్చి, అక్కణ్ణుంచి ఏనుగు మీదికి ఎక్కిన పేరు అది. చివరికి ఆ ఏనుగు చావుతోనే ధర్మరాజు నోట అరనిజం పలికించి ద్రోణుడి చేత ఆయుధం దింపించారు. జంతువుకి మనిషి పేరు పెడితే ఎంత గందరగోళమో వ్యాసుడు అప్పుడే చెప్పాడు. ఇప్పటి రేసు రూళ్ళలో కూడా బతికున్న మనిషి పేరు గుర్రానికి పెట్టాలంటే ఆ మనిషి అనుమతి ఉండాలి.

దక్కనులో గుర్రానికి ఇంకో లెక్క. ఇక్కడి సుల్తానుల్ని మనవాళ్ళు అశ్వపతులన్నారు, కళింగాన్ని ఏలిన వాళ్ళని గజపతులన్నారు, విజయనగర రాయల్ని నరపతులన్నారు. అంటే గుర్రం ఇక్కడ రాజుకే బిరుదు ఇచ్చింది. గుర్రానికి మాత్రం ఎక్కువసార్లు రంగే పేరు. నల్లదైతే ముష్కీ, నల్ల జూలుతో ఎరుపు గోధుమ ఒళ్ళయితే కుమైత్, మచ్చలదైతే అబ్లక్. తెలుగు కథల్లో తిరిగే పంచకళ్యాణి కూడా నిజానికి పేరు కాదు, గుర్తు: నాలుగు కాళ్ళూ తెలుపు, మొహం మీద తెల్లచార. ఊళ్ళో అలాంటి గుర్రం ఒకటే ఉంటే అదే పేరైపోతుంది. రెండు ఉంటేనే చిక్కు.

ఇంగ్లండులో ఆ చిక్కు 18వ శతాబ్దంలో వచ్చింది. ఇవాళ ప్రపంచంలో పరిగెత్తే థరోబ్రెడ్ అనే రేసు జాతి గుర్రాలన్నిటికీ మూలపురుషులు మూడు: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడోల్ఫిన్ అరేబియన్. వాటికి సొంత పేర్లు లేవు. బయర్లీ అనే ఆయన దగ్గరున్న తుర్కీ గుర్రం, డార్లీ అనే ఆయన దగ్గరున్న అరబ్బీ గుర్రం, అంతే. ఫలానా దొరగారి ఎర్రపిల్ల అని పిలిచి సరిపెట్టుకున్న రోజులవి. పేరు పెట్టినా రికార్డు సరిగ్గా ఉండేది కాదు, ఒకే పేరుతో పది గుర్రాలు తిరిగేవి. పందెం పెరిగేకొద్దీ ఏ గుర్రం ఏ తల్లికి పుట్టిందో రాసిపెట్టుకోవాల్సిన అవసరం వచ్చింది. వెదర్బీల కుటుంబం 1791లో జనరల్ స్టడ్ బుక్ అనే గుర్రాల వంశావళి పుస్తకం తొలి ప్రతి అచ్చు వేసింది. అప్పట్నుంచి పేరన్నది ముద్దుకోసం పెట్టుకునేది కాకుండా పోయింది, దస్తావేజు అయింది.

ఆ పుస్తకం రావడానికి కొద్దికాలం ముందే, 1773లో, మన ఆలుగడ్డ పుట్టింది. అబింగ్డన్ ప్రభువు దగ్గర పుట్టిన ఆ పిల్లకి పొటాటోస్ అని పేరు పెట్టాలనుకున్నారట. లాయంలో పనిచేసే కుర్రాణ్ణి దాణా పెట్టె మీద ఆ పేరు రాయమన్నారు. వాడికి ఆ మాట 'పాట్, ఎయిట్ ఓస్' అని వినిపించింది. పాట్ అని రాసి, పక్కన ఎనిమిది సున్నాలు చుట్టాడు. ప్రభువుగారు చూసి నవ్వుకుని అదే ఖాయం చేశారని కథ. కథలో ఉప్పూకారం ఎంత కలిసిందో గానీ, ఎనిమిది సున్నాల పేరు మాత్రం నిజం. ఆ గుర్రం ముప్పైకి పైగా పందేలు గెలిచింది.

దాని తండ్రి పేరు ఎక్లిప్స్. 1764 ఏప్రిల్ 1న సూర్యగ్రహణం రోజు పుట్టింది కాబట్టి ఆ పేరు. మన ఇళ్ళలో గ్రహణం రోజు బిడ్డ పుడితే శాంతి చేయిస్తారు. వాళ్ళు గ్రహణాన్నే పేరుగా పెట్టుకున్నారు, అది జీవితంలో ఒక్క పందెం కూడా ఓడిపోలేదు. ఎక్లిప్స్ కొడుకు ఆలుగడ్డ, ఆలుగడ్డ కొడుకు వాక్సీ 1793 డెర్బీ విజేత. ఆ వంశం ఎంత పాకిందంటే, ఇవాళ మలక్‌పేటలో పరిగెత్తే గుర్రాల్లో చాలావాటి తండ్రుల వరస పట్టుకుని వెనక్కి తవ్వుకుంటూ పోతే అడుగున ఆలుగడ్డ తగులుతుంది.

పేరు దస్తావేజు అయ్యాక రూళ్ళు పుట్టుకొచ్చాయి. అన్నిటిలోకీ గట్టిది పద్దెనిమిది రూలు. ఇంగ్లీషు అక్షరాలు, మధ్య ఖాళీలు, చుక్కలు అన్నీ కలిపి 18 దాటకూడదు. మనదేశంలోనూ అంతే. పుణెలో ఉన్న స్టడ్ బుక్ అథారిటీ ఆఫ్ ఇండియా ఒప్పుకుంటేనే పేరు పేరవుతుంది. ఇప్పటికే వాడుకలో ఉన్న పేరు కుదరదు. గొప్ప గుర్రాల పేర్లు అంతర్జాతీయ జాబితాలో భద్రంగా ఉంటాయి, వాటిని ఇంకెవరూ ముట్టుకోకూడదు. బూతు పనికిరాదు. ఈ లెక్కన చూస్తే ఇంద్రుడి గుర్రం ఉచ్చైశ్రవసం గండం గడిచి బయటపడుతుంది, ఇంగ్లీషులో 15 అక్షరాలే. వీరవెంకటసత్యనారాయణ మాత్రం 25. గోదావరి జిల్లాల్లో సగం మంది గుర్రాలుగా పుట్టినా రిజిస్ట్రేషన్ దొరకదు.

మంచి పేర్లన్నీ ముందే అయిపోయి, ఉన్న చోటు పద్దెనిమిది గళ్ళే అయినప్పుడు యజమాని ఏం చేస్తాడు? ఖాళీలు తీసేస్తాడు, స్పెల్లింగు కుదిస్తాడు. 2010 ఆగస్టులో అమెరికాలోని మన్మత్ పార్క్‌లో జరిగిన ఒక పందెం దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ. ఒక గుర్రం పేరు 'మా ఆవిడకి అన్నీ తెలుసు', ఇంకోదాని పేరు 'ఆవిడకి తెలీదు'. రెండూ వేర్వేరు యజమానులవి. మొదటిదాన్ని ఇంగ్లీషులో 'మై వైఫ్ నోస్ ఎవ్రీథింగ్' అని సరిగ్గా రాస్తే ఖాళీలతో కలిపి 24 వస్తుంది. అందుకని 'నోస్' అనే మాటలో రెండక్షరాలు కొట్టేసి, 'ఎవ్రీథింగ్'లో ఒకటి మింగి, అన్నీ అతికించి సరిగ్గా 18కి తెచ్చారు. ఆఖరి మలుపు తిరిగాక రెండూ పక్కపక్కనే వచ్చాయి, కామెంటేటర్ గొంతు చించుకున్నాడు. గెలిచింది అన్నీ తెలిసిన ఆవిడే. పెళ్ళయిన ఏ మగాడినడిగినా ఆ పందెం ఫలితం ముందే చెప్పేవాడు.

ఇంకో కిటుకు చెవిని మోసం చేయడం. 'హూఫ్ హార్టెడ్' అని ఒక పేరుంది. కాగితం మీద గిట్టా గుండే కనిపిస్తాయి, గుమాస్తా ముద్ర వేసేస్తాడు. మైకులో గబగబా అంటే మాత్రం 'ఎవడ్రా వదిలింది?' అని ఇంగ్లీషులో అడిగినట్టే ఉంటుంది. దీన్ని నేను గొప్ప హాస్యం అననుగానీ, మొదటిసారి విన్నప్పుడు నవ్వాను.

తల్లిదండ్రుల పేర్లు కలిపి నేయడం వీటికన్నా పద్ధతైన దారి. తండ్రి పాలినేషియన్, తల్లి గీషా అయితే పిల్ల నేటివ్ డాన్సర్. తల్లి మారెడ్, తండ్రి క్వోరమ్ అయితే ఇద్దరి తోకలూ కత్తిరించి రెడ్ రమ్. ఈ రెడ్ రమ్‌ని ఇంగ్లీషులో వెనక నుంచి చదివితే 'హత్య' అని వస్తుంది. 1973, 1974, 1977ల్లో మూడుసార్లు ఇంగ్లండులో గ్రాండ్ నేషనల్ పందెం గెలిచింది అదే. జర్మనీలో అయితే పిల్ల పేరు తల్లి పేరు మొదటి అక్షరంతోనే మొదలవ్వాలి. ఫ్రాన్సులో ట్రాటర్ గుర్రాలకి (దౌడు కాకుండా దుడుకు నడకతో పందెం వేసేవి) ఏడాదికో అక్షరం: 2010లో పుడితే ఎ, 2011లో పుడితే బి. ఇది చదివినప్పుడు నాకు మన బారసాల పంచాంగమే గుర్తొచ్చింది. చూ చే చో లా అశ్వినీ నక్షత్రం. గుర్రం మొహం నక్షత్రం కదా అశ్విని. రాణాప్రతాప్ చేతక్ అందులో రెండో పాదంలో పుట్టిందేమో, ఎవరు చూడొచ్చారు!

అనుమతి దొరక్క తిప్పలు పడ్డ వాటిలో మన హైదరాబాదీలకి బాగా అర్థమయ్యేది సెక్రటేరియట్. 1973లో అమెరికా ట్రిపుల్ క్రౌన్, అంటే అక్కడి మూడు పెద్ద పందేలూ, గెలిచిన గుర్రం. పేర్లు పంపడం, వెనక్కి రావడం, మళ్ళీ పంపడం, మళ్ళీ వెనక్కి. చివరికి ఆ ఫారంలో పనిచేసే కార్యదర్శి తన పాత ఉద్యోగం గుర్తొచ్చి పంపిన పేరు ఒప్పుకున్నారు. అన్నిసార్లు తిరిగొచ్చిన ఫైలు ఆఖరికి సచివాలయం అన్న పేరుతోనే పాసయింది.

ఆ సచివాలయానికి మనవైపు చుట్టరికం కూడా ఉంది. ఇస్మాయిలీ ముస్లింల మతగురువు మూడో ఆగాఖాన్ దగ్గర 1921లో పుట్టిన ముంతాజ్ మహల్ అనే ఆడగుర్రం ఉండేది. దాని కూతురు ముంతాజ్ బేగం, బేగం కొడుకు నస్రుల్లా, నస్రుల్లా కొడుకు బోల్డ్ రూలర్, బోల్డ్ రూలర్ కొడుకే సెక్రటేరియట్. బరోడా మహారాజు ఇంకో అడుగు ముందుకేశాడు. 1945లో 28,000 గినీలు పోసి ఒక పిల్లని కొని, సాయాజీరావు అని తన వంశపు పెద్దాయన పేరు పెట్టుకున్నాడు. ఆ సాయాజీరావు 1947లో ఇంగ్లండులో సెయింట్ లెజర్ అనే పందెం గెలిచింది. మరుసటేడు ఆయనదే ఇంకో గుర్రం టూ థౌజండ్ గినీస్ అనే పందెం గెలిచింది. మొదట దానికి లెరిన్స్ అని ఏదో ఫ్రెంచి పేరుండేది. మహారాజు అది తీసేసి మై బాబు అన్నాడు. అచ్చంగా 'మా బాబు'.

హైదరాబాదులో పందేలు 1868లో మౌలాలీలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా 1886లో వాటిని మలక్‌పేటకి, తన మహల్ పక్కకి తెచ్చుకున్నాడు. తర్వాత సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌కి పోయి, 1961లో ఇప్పటి రేస్ క్లబ్ ఏర్పడ్డాక, 1968లో మళ్ళీ మలక్‌పేటకే చేరాయి. నవాబులు పోయారు, గుర్రాల ఇంగ్లీషు పేర్లు మాత్రం పోలేదు. రేసు బయట ఉన్న గుర్రాలకి ఈ బాధ లేదు. మొన్న నాంపల్లి దగ్గర ఒక బరాత్‌లో పెళ్ళికొడుకు ఎక్కిన తెల్ల గుర్రాన్ని తోలేవాడు "బాద్‌షా, చల్ బాద్‌షా" అంటున్నాడు. చూస్తే అది ఆడగుర్రం. అడిగితే, "బేగం అంటే పెండ్లికొడుకు ఫీలైతడు సాబ్" అన్నాడు.

ఆ సీజన్లోనే తెలిసినాయన వెంట ఒక తెల్లారుజామున లాయాల వైపు వెళ్ళాను. తడి గడ్డి వాసన, దూరంగా పొగమంచులో వాకింగ్ చేయిస్తున్న గుర్రాలు. ఒక సైసు గోధుమరంగు పిల్లకి ఒళ్ళు తోముతూ "లడ్డూ, ఇటు తిరుగురా" అంటున్నాడు. రికార్డులో ఏం పేరని అడిగాను. "అదేదో ఇంగ్లీష్ల ఉన్నది సార్, నాకు నోరు తిరగది. గోడ మీద సూడుండ్రి" అన్నాడు. తలుపు పక్కన పలక మీద సుద్దతో రాసి ఉంది. మూడు మాటలు కలిపేసి, మధ్యలో ఒక అచ్చు ఎగరగొట్టారు. వేలుతో ఒక్కో అక్షరం లెక్కపెట్టాను. పద్దెనిమిది.

"లెక్క సరిపోయిందా సార్?" అన్నాడు సైసు, దాణా బకెట్ ముందుకు జరుపుతూ. లడ్డూ అప్పటికే చెవుల దాకా తల అందులో దూర్చేసింది.