రెండంగుళాలు తక్కువైన తాడు

ప్రియమైన పిల్లలూ,

మొన్న చవితి వినాయకుడికి ఉద్వాసన చెప్పి నీళ్లలో వదులుతుంటే చిన్నది వెక్కి వెక్కి ఏడ్చింది కదా, "మనమే చేసుకుని, మనమే పూజ చేసి, మళ్లీ మనమే ముంచేయడమేంటి తాతయ్యా" అని. అప్పుడు దాన్ని ఎత్తుకున్నాను గానీ జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

భాగవతం దశమ స్కంధంలో యశోద కృష్ణుణ్ణి రోటికి కట్టబోయే ఘట్టం ఉంది. తాడు రెండంగుళాలు తక్కువైంది. ఇంకోటి ముడేసింది, మళ్లీ రెండంగుళాలే తక్కువ. ఇంట్లో తాళ్లన్నీ తెచ్చి కలిపినా అంతే, చుట్టూ చేరిన గోపికలు నవ్వుతున్నారు, ఒళ్లంతా చెమట పట్టి కొప్పులో పూలు జారిపోతున్నా ఆవిడకీ నవ్వొచ్చేస్తోంది. అప్పుడు అమ్మ అలసట చూడలేక వాడే కట్టుబడిపోయాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టం ఆ నవ్వే. మనకి అలా ఒక్కసారి ముడి పడకపోతేనే ఎంత టెన్షనో చూడండి!

కృష్ణుడు గోపికలతో కలిసి ఆడిన నాట్యం, అదే రాసక్రీడలోనూ ఇలాగే జరిగింది. కృష్ణుడు తమవాడేనని గోపికలకి కాస్త గర్వం రాగానే మాయమైపోయాడు. వాళ్లు చెట్టునీ తీగనీ అడుగుతూ అడవంతా వెతికారు, మధ్యలో ఒకరు కృష్ణుడిగా, ఒకరు పూతనగా మారి ఆయన చేసిన పనులన్నీ ఆడి చూపించుకున్నారు. ఏడుస్తూ కూడా ఆటే!

తర్వాత ఆయన మధురకి వెళ్లిపోయాడు, వస్తానన్నాడు గానీ రేపల్లెకి తిరిగి రాలేదు. గోపికల ప్రేమ మాత్రం తగ్గలేదు. వాళ్లని ఓదార్చడానికి జ్ఞానం మూటగట్టుకుని వచ్చిన కృష్ణుడి స్నేహితుడు ఉద్ధవుడు కొన్ని నెలలు అక్కడే ఉండిపోయి, చివరికి వీళ్ల పాదధూళి తగిలేలా ఈ బృందావనంలో ఒక పొదగానో తీగగానో పుడితే చాలని కోరుకున్నాడు. అంత చదువుకున్నవాడు! వైరాగ్యమంటే మనసు బండబారిపోవడమని నేను చాలా ఏళ్లు అనుకున్నాను, ఆ మాట చదివాకే నా పొరపాటు తెలిసింది. గోపికలంత ప్రేమించినవాళ్లు ఎవరున్నారు, అయినా ఆయన్ని ఇంట్లో కట్టి పడేయలేదు. మనం వినాయకుణ్ణి నీళ్లలో వదలడమూ అలాంటిదే.

కాబట్టి చిన్నదానా, ఏడుపొస్తే ఏడువు, తప్పులేదు. వచ్చే చవితికి మట్టి నువ్వే పిసుకుదువుగాని. ఈసారి చెవులు ఇంకొంచెం పెద్దవి పెట్టు, తొండం కింద కాస్త తడి చెయ్యి, లేకపోతే బీటలు వారుతుంది.

మీ తాతయ్య